సంతకం లేని కాగితం

పోయిన నెల ఒక సాయంత్రం మా ఊరి నుంచి ఒకతను ఇంటికి వచ్చాడు. వరసకు తమ్ముడవుతాడు. మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. రెండు వైపులా రాసి ఉంది.

"అన్నా, దీన్ని మంచిగ అర్జీ లెక్క రాసియ్యాలె. పేరు మాత్రం పెట్టద్దు."

రెవెన్యూ శాఖలో ముప్ఫై ఏళ్లు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఊళ్లోవాళ్లు పింఛనుకో, పట్టా పాసుబుక్కులో తప్పు సరిచేయడానికో అర్జీ రాయమని వస్తూనే ఉంటారు, నేనూ సంతోషంగా రాసిపెడతాను. ఇతను తెచ్చింది అలాంటిది కాదు. వాళ్ల చిన్నాన్న కొడుకు అమెరికా వెళ్లి ఇరవై ఏళ్లయింది. అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. ఊళ్లో ఓటరు జాబితాలో పేరు మాత్రం అలాగే ఉంది. ఇండియా పాస్‌పోర్టు కూడా అప్పగించలేదట, దొంగ కాగితాలతో భూమి కొన్నాడట, ఇంకా చాలా 'అట'లున్నాయి. ఇద్దరి మధ్యా ఎకరం ఇరవై గుంటల తగాదా ఉందని ఊరందరికీ తెలుసు.

"వాడు గవర్నమెంటును మోసం చేస్తున్నడన్నా. ఎవరికి రాస్తే వాని సంగతి తేలుతది?"

"నువ్వు సంతకం పెడతానంటే రాస్తా" అన్నాను.

టీ వస్తోందని చెప్తున్నా ఆగకుండా వెళ్లిపోయాడు. అతను మోసం గురించి చెప్తున్న మాటలో నిజం ఉండొచ్చు. అయినా నేనెందుకు రాయనన్నాను? ఆ రోజు నుంచి ఇదే తొలుస్తోంది. నా సమాధానం ఒక తపాలు సీటు దగ్గర మొదలవుతుంది.

ఇట్లు, గ్రామ ప్రజలు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకిచ్చింది ఇన్‌వార్డు. పొద్దున్నే వచ్చిన కవర్లు చించడం, రిజిస్టరులో ఎక్కించి నంబరు వేయడం, ఏ సీటుకు సంబంధించిందో ఆ సీటుకు పంపడం. ఆరు నెలల్లోనే ఆకాశరామన్న ఉత్తరాన్ని కవరు మీదే గుర్తుపట్టే అలవాటు వచ్చింది. మా ఆఫీసు చిరునామా ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంటుంది, పంపినవారి చోటు ఖాళీ. లోపల చివర "ఇట్లు, గ్రామ ప్రజలు" అనో, "ఇట్లు, ఒక దేశభక్తుడు" అనో ఉంటుంది. అన్నీ అబద్ధాలు కావు. అలాంటి ఒక ఉత్తరం పట్టుకుని వెళ్తేనే రేషను బియ్యం రాత్రిపూట ట్రాక్టరెక్కుతుంటే దొరికింది. అది రాసినవాడికి నేను ఇప్పటికీ మనసులో దండం పెడతాను.

కానీ ఇంకొక ఉత్తరం ఉంది. అప్పుడింకా ఎమ్మార్వో ఆఫీసు అనేవాళ్లం. మా మండలంలో ఒక ఊరి బస్టాండు పక్కన కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ కుటుంబం మీద వచ్చింది. "వీరు బంగ్లాదేశ్ నుండి అక్రమముగా వచ్చి, అధికారులను మోసగించి రేషను కార్డు పొందినారు. కావున వీరి పౌరసత్వము విచారించి తగు చర్య తీసుకొనగలరు." నేనే నంబరు వేశాను, నేనే పై అధికారి ముందు పెట్టాను. పైన "ఎంక్వైరీ చేసి రిపోర్టు పంపండి" అని రాసి గిర్దావర్‌కు, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకు పంపారు. అందరం మా పని మేం చేశాం.

గిర్దావర్ ఊరికి వెళ్లిన సాయంత్రానికే సంగతి ఊరంతా పాకింది. మరుసటి నెల రేషను డీలరు వాళ్ల కార్డు తీసి పక్కన పెట్టాడు. "మీ కార్డు మీద ఎంక్వైరీ ఉందంట." కార్డు ఆపమని ఎవరూ రాయలేదు. ఆ ఫైలు నా చేతిలో ఉంది కాబట్టి చెప్తున్నాను, అలాంటి ఉత్తర్వు ఒక్క ముక్క కూడా లేదు. ఉత్తర్వు లేకుండానే శిక్ష మొదలైంది.

దర్జీ భార్య ఆఫీసుకు వచ్చింది. పసిపిల్లను చంకనేసుకుని, బట్టల దుకాణం వాళ్లిచ్చే ప్లాస్టిక్ కవరు పట్టుకుని. కవరులోంచి మడతల దగ్గర చిరిగిపోతున్న కాగితమొకటి జాగ్రత్తగా తీసి బల్ల మీద పరిచింది. భర్త బడి టీసీ. లిపి మాది కాదు. "ఇది బెంగాలీనేమో" అన్నారు ఒకరు. నేను వంగి చూశాను. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు అన్నదమ్ముల్లాంటివి కదా, కూడబలుక్కుంటే అందుతాయి. "హుమనాబాద తాలూకు, బీదర జిల్లె." పైకే చదివాను. ఆమె ముఖంలో ఒక్కసారి వెలుగొచ్చింది. "హా సాబ్, హుమ్నాబాద్, హుమ్నాబాద్" అంటూ నాలుగైదు సార్లు తలూపింది.

1956 నవంబరు 1 దాకా బీదరు, మా జిల్లా ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నాయి. మా తాత, ఆ దర్జీ తాత ఒకే నిజాం ప్రజలు. ఆ మాట ఆరోజు ఆఫీసులో అన్నాను కూడా. "అది సరేగానీ, రిపోర్టు రానియ్యండి" అన్నారు. వచ్చేసరికి మూడు నెలలు. బియ్యం మళ్లీ ఇచ్చారు. మరుసటి ఏడాది వాళ్లు ఊరు విడిచి వెళ్లిపోయారు. వాళ్లుంటున్న గది కోసమే ఆ ఉత్తరం వచ్చిందని తర్వాత అందరూ చెప్పుకున్నారు. రాసినవాణ్ని పిలిచి అడగడానికి వాడికి పేరే లేదు. ఆమెకు ఒక్క మనిషి కూడా క్షమించమని చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

ఒక సంగతి నన్ను ఇప్పటికీ నిలదీస్తుంది. ప్రభుత్వోద్యోగి మీద పేరు లేని ఫిర్యాదు వస్తే చర్య తీసుకోవద్దని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999లోనే ఉత్తర్వులిచ్చింది. మధ్యలో కొంత సడలించినా మళ్లీ అదే పద్ధతికి వచ్చారు. కారణం అందరికీ తెలిసిందే. ఆకాశరామన్నకు భయపడుతూ ఉద్యోగి పని చేయలేడు. మరి మనిషి బతుక్కి వేరులాంటి పౌరసత్వానికి ఆపాటి అడ్డుకట్ట ఎందుకుండకూడదు?

వేములవాడలో జరిగింది

పౌరసత్వ మోసం అంటే తెలంగాణలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది చెన్నమనేని రమేశ్ కేసే. కథ చెప్పను, అందరూ పేపర్లలో చదివిందే. నాకు కావాల్సింది అందులోని ఫిర్యాదు. అప్పటికి జర్మనీ పౌరుడైన ఆయన 2008 మార్చిలో దరఖాస్తు చేసుకుంటే 2009 ఫిబ్రవరిలో భారత పౌరసత్వం వచ్చింది, ఆ ఏడాదే వేములవాడ ఎమ్మెల్యే అయ్యారు. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడే ఉండాలన్న షరతు నెరవేరలేదని, విదేశీ ప్రయాణాలు దాచారని ఆది శ్రీనివాస్ అదే ఏడాది కేంద్ర హోంశాఖకు ఫిర్యాదు చేశారు. శ్రీనివాస్ ఎన్నికల్లో రమేశ్ ప్రత్యర్థి. స్వార్థం లేదని ఎవరూ అనలేరు. కానీ పేరు పెట్టారు, కాగితాలు జతచేశారు, పిలిచిన ప్రతిచోటికీ వెళ్లారు. విచారణ కమిటీ కూర్చుంది. 2017లో హోంశాఖ రద్దు చేస్తే, ప్రజాహితం కోణం కూడా చూసి మళ్లీ తేల్చమని హైకోర్టు తిప్పి పంపింది. 2019 నవంబరులో మళ్లీ రద్దయింది. చివరికి 2024 డిసెంబరు 9న హైకోర్టు రమేశ్ పిటిషన్ కొట్టేసి, 30 లక్షల రూపాయలు ఖర్చుల కింద కట్టమంది. అందులో 25 లక్షలు ఫిర్యాదుదారుకే.

ఫిర్యాదుదారుడి మనసు శుభ్రంగా ఉండాలని నేను అనడం లేదు, ఇక్కడే స్పష్టంగా చెప్పాలి. పగతో వచ్చినా, పదవి కోసం వచ్చినా పర్వాలేదు. అతనొక మనిషిగా కనపడాలి, ప్రశ్న అడిగితే జవాబు చెప్పాలి, అంతే.

దీనికి ఎదురుమాట బలమైందే. మా అబ్బాయి అన్నాడు, "నాన్నా, పదిహేనేళ్లు! నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచాక తేలితే, ఆ సంతకం ఎవరికి ఉపయోగపడింది?" కాదనలేకపోయాను. పేరు పెట్టి, డబ్బు ఖర్చు పెట్టి, పదిహేనేళ్లు తిరగగల ఓపిక నాయకుడికి ఉంటుంది. మామూలు మనిషికి ఉండదు. అయితే ఆ ఆలస్యం సంతకం వల్ల రాలేదు. చేయాల్సినవాళ్లు సమయానికి చేయకపోవడం వల్ల, స్టేలు తెచ్చుకోగలిగే స్తోమత వల్ల వచ్చింది. దానికి మందు గడువులు పెట్టడం. నోటీసు, విచారణ, అప్పీలు తీసేయడం మందు కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. 1955 నాటి పౌరసత్వ చట్టంలో పదో సెక్షన్ చదివితే అందులో ఎంత జాగ్రత్త ఉందో కనపడుతుంది. రిజిస్ట్రేషన్ ద్వారానో, నాచురలైజేషన్ (ఏళ్ల తరబడి ఇక్కడ నివసించిన విదేశీయుడికి ఇచ్చే పద్ధతి) ద్వారానో వచ్చిన పౌరసత్వాన్ని మోసం కారణంగా తీసేయాలంటే కారణాలు రాసి నోటీసివ్వాలి. ఆ మనిషి కోరితే విచారణ కమిటీకి పంపాలి, దాని అధ్యక్షుడికి కనీసం పదేళ్లు న్యాయాధికారిగా పనిచేసిన అనుభవం ఉండాలి. ఇతను పౌరుడిగా కొనసాగడం ప్రజాహితానికి మంచిది కాదని కేంద్రం తృప్తి చెందాలి. మంచి చట్టం.

కానీ ఈ రక్షణంతా ఎవరికి? సర్టిఫికెట్ ద్వారా పౌరుడైనవాడికి. హుమ్నాబాదులో పుట్టిన దర్జీకి ఇదేదీ వర్తించదు. పుట్టుకతో వచ్చిన పౌరసత్వాన్ని మోసం పేరుతో తీసేయడానికి ఈ సెక్షన్ కింద వీలే లేదు, నిజం. అందుకే అలాంటివాళ్ల విషయంలో ఎవరూ "తీసేస్తాం" అనరు. "నీకసలు ఎప్పుడూ లేదు" అంటారు. ఆ ఒక్క మాటతో కమిటీ పోతుంది, నోటీసు పోతుంది, నిరూపించుకునే భారం కూడా అతని నెత్తినే పడుతుంది. జర్మనీ నుంచి వచ్చిన ఎమ్మెల్యేకు పదిహేనేళ్ల విచారణ. బీదరు నుంచి వచ్చిన దర్జీకి ఒక గిర్దావర్, ఒక రేషను డీలరు. ఈ తేడా గుర్తొచ్చినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్లవుతుంది.

గోడ ఎంత ఎత్తుంది?

అమెరికాలో ఉన్న మా మేనకోడలితో ఇదే మాట్లాడుతుంటే ఆమె ఒప్పుకోలేదు. "మామయ్యా, ఇక్కడ ఇమ్మిగ్రేషన్ మోసాల గురించి పేరు చెప్పకుండానే సమాచారం ఇవ్వచ్చు. దొంగ యూనివర్సిటీలు, దొంగ కన్సల్టెన్సీలు ఎలా బయటపడాలి మరి?" అంది. 2011లో అక్కడి ట్రైవ్యాలీ అనే దొంగ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు కట్టిన ఫొటోలు చూసి మనమంతా అల్లాడాం. ఆ మోసంలో నలిగింది మన పిల్లలే. ముందే ఎవరైనా, పేరు లేకుండానైనా, ఒక ముక్క చెప్పి ఉంటే బాగుండేదని నాకూ అనిపిస్తుంది.

ఆమె మాట మీద చాలా రోజులు ఆలోచించాను. అక్కడ పేరు లేని సమాచారం ఒక తలుపు తడుతుంది, అంతే. ఒకసారి ఇచ్చిన పౌరసత్వాన్ని మోసం పేరుతో వెనక్కి తీసుకోవాలంటే ప్రభుత్వం ఫెడరల్ కోర్టుకు వెళ్లాలి. అనుమానానికి తావులేని గట్టి సాక్ష్యం చూపాలి. ఏదో ఒక చిన్న అబద్ధం దొరికితే చాలదని, ఆ అబద్ధానికీ పౌరసత్వం రావడానికీ సంబంధం ఉండాలని అక్కడి సుప్రీంకోర్టు 2017లో ఒక కేసులో చెప్పింది. 2025 జూన్‌లో ఇలాంటి కేసులకు ప్రాధాన్యం ఇమ్మని అక్కడి న్యాయశాఖ ఆదేశించినప్పటి నుంచి మనవాళ్లలో బెదురు పెరిగింది, మా మేనకోడలికి కూడా. అయినా కోర్టు గడప దాటాల్సిందే.

ఇప్పుడు అస్సాం చూడండి. విదేశీయుడని అనుమానం వస్తే, కాదని నిరూపించుకునే భారం ఆ మనిషిదే. 2019 ఆగస్టు 31న వచ్చిన పౌర రిజిస్టరు తుది జాబితాలో 19,06,657 మందికి చోటు దక్కలేదు. అంతకుముందు ముసాయిదాలో చేరినవాళ్లలో 1,87,633 మంది మీద అభ్యంతరాలు వచ్చిపడ్డాయి, అవీ చాలావరకు గడువు ముగిసే రోజున. విచారణకు పిలిస్తే అభ్యంతరం పెట్టినవాళ్లు చాలామంది రానే లేదు. పిలిపించుకున్నవాళ్లు మాత్రం కూలి మానుకుని, ముసలివాళ్లను వెంటబెట్టుకుని వెళ్లారు. సైన్యంలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన ఒకాయనను అదే ఏడాది మే నెలలో విదేశీయుడని నిర్బంధ కేంద్రానికి పంపారు. ఆయన కేసు విచారణ కాగితాల్లో సాక్షులుగా పేర్లున్న గ్రామస్థులు, మేమసలు సాక్ష్యమే చెప్పలేదని తర్వాత బయటికొచ్చి చెప్పారు.

2024 జూలైలో సుప్రీంకోర్టు రహీం అలీ కేసులో, ఒక మనిషి ముందుకెళ్లి నువ్వు విదేశీయుడివని అనే ముందు అధికారుల చేతిలో కొంత ఆధారమైనా ఉండాలని చెప్పింది. ఉత్త అనుమానం చాలదంది. ఆయన భారతీయుడేనని తేల్చింది. ఆ తీర్పు వచ్చేసరికి ఆయన చనిపోయి రెండేళ్లు దాటింది.

కాబట్టి నా మాటను కొంచెం మార్చుకున్నాను. గోడ ఎత్తుగా ఉన్నచోట, అంటే నిరూపించే బాధ్యత ప్రభుత్వం మీద ఉన్నచోట, పేరు లేని సమాచారం పెద్ద హాని చేయదు. నిరూపించుకునే బాధ్యత బాధితుడి మీదే పెట్టినచోట ఆకాశరామన్న ఉత్తరం కత్తితో సమానం. మన ఊళ్లలో గోడ ఎత్తు ఎంతో ఆ దర్జీ భార్య ప్లాస్టిక్ కవరు నాకు చూపించింది.

దూరాల మాటలనుకోవద్దు. 2020 ఫిబ్రవరిలో హైదరాబాదులో 127 మందికి ఆధార్ సంస్థ నుంచి నోటీసులొచ్చాయి, పౌరసత్వం నిరూపించుకునే పత్రాలతో రమ్మని. ఆధార్ పౌరసత్వానికి రుజువే కాదని, తప్పుడు పత్రాలతో ఆధార్ తీసుకున్నారని పోలీసుల నుంచి నివేదిక వస్తే ఇచ్చామని ఆ సంస్థే తర్వాత వివరణ ఇచ్చుకుంది. ఈలోపు ఆ ఇళ్లల్లో ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిచాయో. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఓట్లు తీసేయమంటూ ఫారం 7 దరఖాస్తులు లక్షల్లో వచ్చిపడ్డాయి. ఎవరి పేరుతో వచ్చాయో వాళ్లను అడిగితే, మేం పెట్టలేదు మొర్రో అన్నవాళ్లు ఎందరో. పోలీసు కేసులు కూడా నమోదయ్యాయి. పేరు లేని ఉత్తరం కంటే ఇది ఇంకా నీచం. పక్కవాడి పేరు దొంగిలించి మరొకడి పేరు చెరపడం.

భయపడేవాడి సంగతి

నాకు నిజంగా కష్టమైన ప్రశ్న ఒకటుంది. బలవంతుడి మోసం బలహీనుడికి తెలుస్తుంది. దొరవారి పాస్‌పోర్టు సంగతి వాళ్ల ఇంట్లో వంటమనిషికి తెలుస్తుంది. ఆమెను సంతకం పెట్టమనడం న్యాయమా?

కాదు. దీనికీ ఒక దారి మన దగ్గరే ఉంది. ప్రభుత్వోద్యోగుల అవినీతి గురించి చెప్పేవాళ్ల కోసం 2004లో ఒక ఏర్పాటు చేశారు. ఫిర్యాదుదారు కవరు మీద పేరు రాయనక్కర్లేదు. లోపల కాగితంలో మాత్రం రాయాలి. ఆ పేరును విజిలెన్స్ కమిషన్ గుప్తంగా ఉంచుతుంది. లోపల కూడా పేరు లేకపోతే ఆ కాగితాన్ని పట్టించుకోదు. ఊరికి తెలియదు, అవతలివాడికి తెలియదు, కానీ జవాబుదారీ ఒకడున్నాడని ఆఫీసుకు తెలుసు. పౌరసత్వ ఫిర్యాదులకూ ఇదే పెట్టాలంటాను. అది వచ్చేదాకా, మీకు తెలిసిన మోసం నిజంగా పెద్దదైతే నలుగురు కలిసి సంతకాలు పెట్టండి. భయం నలుగురిలో పంచుకుంటే తగ్గుతుంది.

ఎవరికి రాయాలని అడిగేవాళ్లకు నాకు తెలిసింది చెప్తాను. రిజిస్ట్రేషన్ మీదనో నాచురలైజేషన్ మీదనో వచ్చిన పౌరసత్వంలో మోసముంటే తేల్చేది కేంద్ర హోంశాఖ. ఆ దరఖాస్తులు కలెక్టరు ద్వారానే వెళ్తాయి కాబట్టి ఒక ప్రతి కలెక్టరేటులో ఇచ్చి రసీదు తీసుకోండి. విదేశీ పౌరసత్వం తీసుకుని ఇండియా పాస్‌పోర్టు వాడుతుంటే ప్రాంతీయ పాస్‌పోర్టు ఆఫీసు. ఓటరు జాబితా అయితే ఫారం 7, అది ఆ నియోజకవర్గం ఓటరే ఇవ్వాలి. అందులో తెలిసి అబద్ధం రాస్తే ఏడాది దాకా జైలు. కాగితంలో మీరు చూసింది వేరుగా, విన్నది వేరుగా రాయండి. తేదీ తెలిస్తే రాయండి, తెలియకపోతే వదిలేయండి. "కఠినంగా శిక్షించగలరు" అని రాయొద్దు, అది మీ పని కాదు. తర్వాత ఏమైందో సమాచార హక్కు కింద అడగండి.

మా తమ్ముడు చెప్పిన అమెరికా మనిషి విషయానికొస్తే, అతని పౌరసత్వం తీయమని ఎవరూ ఫిర్యాదు చేయనక్కర్లేదు. స్వచ్ఛందంగా మరో దేశ పౌరసత్వం తీసుకున్న రోజే తొమ్మిదో సెక్షన్ ప్రకారం మన పౌరసత్వం దానంతటదే పోతుంది. మిగిలేవి పాస్‌పోర్టు అప్పగించడం, ఓటరు జాబితాలో పేరు తీయించుకోవడం. మనవాళ్లు వేలమంది బద్ధకంతో వీటిని వాయిదా వేస్తారు. ఊరి జాబితాలో పేరుంటే ఊరితో బంధం ఉన్నట్టనిపిస్తుంది, ఆ మమకారం నాకు అర్థమవుతుంది. అయినా తప్పు తప్పే. వాళ్లే సరిదిద్దుకోవాలి.

పది రోజుల తర్వాత మా తమ్ముడు మళ్లీ వచ్చాడు. అదే నాలుగు మడతల కాగితం. విప్పి చూస్తే ఏడు ఆరోపణల్లో ఐదింటి మీద అడ్డగీతలున్నాయి. "అవి నేను చూడలేదన్నా. ఎవరో అంటే రాసిన." ఆరోది పాస్‌పోర్టు సంగతి. దాని మీద గీత పడలేదు గానీ పక్కన పెన్సిలుతో "విన్న మాట" అని రాసి ఉంది. ఏడోది నిజంగా అతను చూసింది. అవతలి మనిషి పౌరసత్వ ప్రమాణం చేశానని ఇంటి విందులో అందరి ముందూ చెప్పి ఫొటో చూపించడం, ఓటరు జాబితాలో పేరు ఇప్పటికీ ఉండడం.

ఫారం 7 తీసి ముందు పెట్టాను. తన పేరు, ఓటరు కార్డు నంబరు నింపాడు. సంతకం దగ్గరికొచ్చి కలం ఆపాడు.

"ముందుగాల వానికి ఒక మాట చెప్పాల్నా అన్నా? వాడే తీసేయించుకుంటనంటే?"

"వాడికి వాడు కూడా ఇదే ఫారం పెట్టుకోవచ్చు" అన్నాను.

కొంచెంసేపు కాగితం వైపే చూస్తూ కూర్చున్నాడు. రెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. తర్వాత ఫోను తీసుకుని, నంబరు వెతుక్కుంటూ వరండాలోకి నడిచాడు. ఇక్కడ దీపాలు పెట్టే వేళ, అక్కడ తెల్లవారి ఉంటుంది.